ఎడమ కాలి అంచు

కోల్బీ వీబ్ మా జట్టుకు వస్తున్నాడని జులై ఒకటో తారీకున రేడియోలో చెప్పగానే సాస్కటూన్ ఊరు ఊరంతా కార్ల హారన్లు మోగించింది. పాత జట్టుతో గడువు తీరి, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోయే వీలున్న ఐస్ హాకీ ఆటగాళ్లలో ఆ ఏడాది వాడిదే పెద్ద పేరు. డిఫెన్స్‌లో ఆడుతూ ఫార్వర్డ్‌లకన్నా ఎక్కువ గోల్స్ చేయించే మొనగాడు. ఏడేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. నేను మాత్రం రేడియో కట్టేసి, పెరట్లోకి పోయి బీట్‌రూట్ మడిలో కలుపు పీకాను. కలుపుతో పాటు దుంపలు కూడా ఊడొచ్చాయి.

"వాడేనా?" అంది మా ఆవిడ హాల్యా, గుమ్మంలో నిలబడి.

"వాడే."

"దేవుడున్నాడు," అంది.

నా పేరు ఓరెస్ట్ డెమ్చుక్ అంటే ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. జట్టు స్కేట్లకు, అంటే మంచు మీద జారే బూట్ల కింది బ్లేడులకు, సాన పట్టేవాణ్ణి. బ్లేడుకు లోపల ఒకటి, బయట ఒకటి, రెండు అంచులుంటాయి. రెండూ సమంగా, పదునుగా ఉంటేనే మనిషి మంచు మీద నిలుస్తాడు. ఒక అంచు పోయిందా, తిరగబోయి పడతాడు. ఈ విద్యలో ఇంతకు మించి రహస్యం లేదు, కానీ ఇంతమాత్రం చేతికి రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పదకొండేళ్ల కిందట ఎల్క్ రివర్ అనే చిన్న ఊళ్లో, ఇరవై ఏళ్ల లోపు వాళ్ల జట్టుకు పని చేసేవాణ్ణి. వీబ్‌కు అప్పుడు పద్దెనిమిది. కప్పు కోసం ఆఖరి పోటీ, ఆఖరి నిమిషాలు, స్కోరు సమం. వెనక కాపు కాయాల్సిన వీబ్ చోటు వదిలేసి, గోల్ కొట్టే ఆశతో ముందుకు ఉరికాడు. పక్, అదే ఆ రబ్బరు బిళ్ల, పోగొట్టుకున్నాడు. అవతలివాళ్లిద్దరు మా గోల్ వైపు దూసుకుపోతుంటే గిర్రున వెనక్కి తిరగబోయి చతికిలబడ్డాడు. గోల్ పడింది, కప్పు పోయింది. అప్పుడు వాడు చేసిన పని ఈనాటికీ నా కళ్లముందు నుంచి కదలదు. మంచు మీద కూర్చునే ఎడమ కాలు పైకెత్తి, బ్లేడు మీద బొటనవేలు రాసి, మా బెంచీ వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడు. ఊరంతా మద్దెలనే తన్నింది. "ఎడమ స్కేటుకు అంచు లేదు" అన్న వాడి మాట మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ స్కేటు పట్టుకుని చూసిన పాపాన ఎవరూ పోలేదు. జట్టు యజమాని నా చేతిలోంచి గది తాళాలు తీసుకుని పొమ్మన్నాడు. కాఫీ కొట్టుకు పోతే, "ఒరేయ్, వెన్న రాసే కత్తి ఓరెస్ట్ చేతికివ్వకండ్రా, మొద్దుబారిపోతుంది!" అని పకపకలు. "నిప్పు లేనిదే పొగ రాదుగా బావా," అన్నాడు హాల్యా సొంత తమ్ముడు. తరవాత రెండేళ్లు మాంసం ఫ్యాక్టరీలో కత్తులకు సాన పట్టాను. నా బట్టల నుంచి వచ్చే వాసన గురించి హాల్యా ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అందుకే ఇంకా ఎక్కువ మండేది.

ఆ కత్తుల దగ్గర నుంచి నన్ను పిలిచి పని ఇచ్చినవాడు సాస్కటూన్ కోచ్ డార్సీ మక్‌ఫాడెన్. ఎల్క్ రివర్ సంగతి ఆయన అడగలేదు. అడగకపోవడం వేరు, నమ్మడం వేరు. ఆ తేడా ప్రతిరోజూ నాకు తెలుస్తూనే ఉండేది.

సెప్టెంబరులో వీబ్ తన స్కేట్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"పెద్దాయనా, వీటి సంగతి కాస్త జాగ్రత్త. చిన్నప్పుడు ఒక దద్దమ్మ సాన పట్టి నా కప్పే పోగొట్టాడు," అని నవ్వాడు.

గుర్తు పట్టలేదు. నన్ను నాశనం చేసినవాడికి నా మొహం కూడా గుర్తు లేదు! తిట్టి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

వాడు పోయాక సానరాయి తిప్పాను. ఎడమ బ్లేడు చేతిలో ఉంది. లోపలి అంచు మీద రాయి ఒక్కసారి అడ్డంగా లాగితే చాలు, వాడి మోకాలో, నడుమో, ఏడేళ్ల ఒప్పందమో విరుగుతాయి. ఎవరికీ తెలియదు. రాయి ఆపేశాను. మంచితనంతో కాదు. నేను మొద్దు బ్లేడు ఇస్తే పదకొండేళ్ల కిందట వాడాడిన అబద్ధం నిజమైపోతుంది. వాడికి ఆ సాయం నేనెందుకు చేస్తాను? మళ్లీ రాయి తిప్పి, నా జన్మలో పట్టనంత బాగా సాన పట్టాను.

ఆ రోజు నుంచి ప్రతి ఆటకూ ముందు, అందరూ చూస్తుండగా ఎడమ స్కేటు వాడి చేతికిచ్చేవాణ్ణి. "చూసుకో బాబూ."

వాడు బొటనవేలు రాసి, "అద్దిరింది పెద్దాయనా!" అనేవాడు.

"ముద్దు కూడా పెట్టరా!" అని మిగతావాళ్లు అరిచేవారు. వాళ్లకది సరదా. నాకు మాత్రం ప్రతివాడూ ఒక సాక్షి.

ఇరవై ఆటలయ్యాక, నవంబరులో, వీబ్ ఎంతవరకు పనికొచ్చాడో తేల్చడానికి డార్సీ జట్టు సిబ్బందిని మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు.

"ఇరవై మూడు గోల్స్‌లో వీడి చెయ్యి ఉంది," అన్నాడు. "వీడు మంచు మీద ఉండగా మన మీద పడ్డవి ముప్పై ఒకటి. మనం కొన్నది డిఫెన్స్‌నా, ఇంకో ఫార్వర్డ్‌నా? అడిగితే, వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ కాలు జారుతోందంటాడు. స్కేటు కుదరట్లేదట."

అందరి చూపులూ నా మీదకు తిరిగాయి.

"నన్నడిగితే చెప్తా," అన్నాను. "అబద్ధమెందుకు, పక్ వాడి కర్రకు తగిలిందంటే చూడముచ్చటే. అలాంటి పాస్ ఇచ్చేవాడు మన దగ్గర ఇంకొకడు లేడు. కానీ ఆ బ్లేడు ముందు భాగం ప్రతి ఆటకూ కాస్త అరిగి వస్తుంది. మడమ వైపు మాత్రం నేను పట్టిన సాన పట్టినట్టే తిరిగొస్తుంది. వెనక్కి వచ్చే అలవాటున్నవాడి స్కేటు కాదది."

డార్సీ గడ్డం గోక్కున్నాడు. "సరే ఓరెస్ట్. కానీ ఈ స్కేటు మాట మేనేజర్ దాకా పోతే నేనేం చెప్పను? ఏడేళ్లకు రాసుకున్నవాణ్ణి తీసెయ్యలేను కదా."

అంటే తీసెయ్యగలిగేది ఎవరినో నాకు అర్థమైంది. నాకు అరవై ఒకటి. ఈసారి తాళాలు పోతే కత్తుల పని కూడా ఎవరూ ఇవ్వరు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం ఆట. ఆఖరిదైన మూడో భాగం, స్కోరు సమం. వీబ్ చోటు వదిలి ముందుకు ఉరికాడు. పక్ పోయింది. వాళ్లిద్దరు, మనవాడొక్కడు. వీబ్ తిరగబోయి పడ్డాడు. గోల్.

వాడు మంచు మీద కూర్చుని ఎడమ కాలు పైకెత్తాడు. బొటనవేలు రాశాడు. మా బెంచీ వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! జట్టు ఓడిపోతోంది, నేను లోపల్లోపల పండగ చేసుకుంటున్నాను.

"అంచు లేదు! ఎవడయ్యా దీనికి సాన పట్టింది?" అని అరుస్తూ వచ్చి కూలబడ్డాడు.

"కాలు ఇటు పెట్టు," అన్నాను. ఈ కాలపు స్కేటుకు మీట నొక్కితే బ్లేడు ఊడి చేతిలోకి వస్తుంది. తుడిచి, జేబులోంచి ఒక నాణెంతో సహా డార్సీ చేతిలో పెట్టాను. "నేను చెప్పను. నువ్వే చూడు."

డార్సీ కూడా ఒకప్పుడు డిఫెన్స్ ఆడినవాడే. బ్లేడు నిలబెట్టి, రెండంచుల మీదా నాణెం ఆనించి, కంటికి ఎదురుగా పట్టుకున్నాడు. రవ్వంత కూడా ఒరగలేదు. తరవాత బొటనవేలి గోరు అంచుకు అడ్డంగా లాగాడు. తెల్లటి పొట్టు లేచింది. బ్లేడు తిప్పి రెండో అంచు మీదా లాగాడు. మళ్లీ పొట్టు. ఆ గోరు వరసగా కూర్చున్న వాళ్లందరికీ చూపించాడు. పైన పెద్ద తెర మీద కూడా అదే కనిపిస్తోంది. పన్నెండు వేల మంది చూశారు.

"ఆటకు ముందు అద్దిరిందన్నావు కదరా," అన్నాడు గోల్‌కీపర్.

"ఇక కూర్చో," అన్నాడు డార్సీ వీబ్‌తో. ఆట అయ్యేదాకా వాణ్ణి లేవనివ్వలేదు. వెళ్లిపోతూ నా భుజం మీద చెయ్యి వేసి, "ఎల్క్ రివర్‌లో కూడా ఇంతేనా ఓరెస్ట్?" అని అడిగాడు. తొమ్మిదేళ్లకు అడిగాడు.

"ఇంతే," అన్నాను.

ఆ ఊరి పేరు వీబ్ విన్నాడు. తలెత్తి నా మొహం మొదటిసారి చూశాడు.

మర్నాడు ప్రాక్టీసుకు ముందు ఒంటరిగా నా గదికి వచ్చాడు.

"మీరా అప్పుడు..." అని ఆగాడు. "పద్దెనిమిదేళ్లవాణ్ణి. భయమేసి అలా అనేశాను. అంచు బాగానే ఉందని ఆ రోజే నాకు తెలుసు. క్షమించండి పెద్దాయనా."

పదకొండేళ్లు ఎదురుచూసిన మాట అది. వింటే కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

"నాతో కాదు బాబూ. ఎల్క్ రివర్ పేపరువాళ్లకు చెప్పు, ఆనాడు చెప్పినట్టే."

వాడు నేల చూశాడు. "నా పేరు పోతుంది."

"నీ ఒప్పందం ఎన్నేళ్లు?"

"ఏడు."

"అప్పటికి నాకు అరవై ఎనిమిది. పర్వాలేదు, చేతులు వణకవు," అని ఎడమ స్కేటు తీసుకుని వాడి ముందు నడిచాను. ఆటగాళ్లంతా తయారవుతున్న గది మధ్యలో ఆగి, స్కేటు వాడి చేతిలో పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చూసుకో."

బొటనవేలు రాశాడు. "బాగుంది," అన్నాడు, గొంతులోనే.

"వినపడలేదు," అన్నాను. "ఇంకాస్త గట్టిగా."