తక్కువ రాసిన ధర

దస్తావేజులు రాసే ఆయన చేతి చలవ వల్ల ఆ వీధిలో ఎవరూ రిజిస్ట్రేషన్ ఫీజు సరిగ్గా కట్టిన పాపాన పోలేదు. నలభై లక్షలకి అమ్మిన స్థలానికి ఎనిమిదని రాసేవాడు. మిగతాది నోట్ల కట్టలుగా చేతులు మారిపోయేది. "సర్కారుకి ఊరికే ఎందుకు పొయ్యాలి?" అనేవాడు. జనం తెగ మెచ్చుకునేవారు. మెచ్చుకోరూ మరి!

ఇప్పుడు హైవే వచ్చి ఆయన సొంత అక్క కుట్టుషాపు మీదే పడింది. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. బావ పోయాక ఆమెకున్నది అదొక్కటే. వచ్చే పరిహారంతో పక్క వీధిలో ఓ గదైనా కొనుక్కోవాలి, లేదంటే మిషను నెత్తిన పెట్టుకుని తిరగాల్సిందే. చదువు రాని మనిషి కాబట్టి తమ్ముణ్ణి భూసేకరణ ఆఫీసు లోపలికి పంపి, తను వరండాలో కూర్చుంది.

"ఎనిమిది లక్షలు" అన్నాడు భూసేకరణ అధికారి, టీ ఊదుకుంటూ.

"అన్యాయం సార్! నలభైకి తక్కువ అక్కడ స్థలమే లేదు."

అధికారి ఓ కాగితాల కట్ట ముందుకు తోశాడు. "మూడేళ్లలో మీ వీధిలో జరిగిన అమ్మకాలు. మేం ధర కట్టేది వీటిని బట్టే. అన్నీ ఒకే చేతిరాత. ఎవరిదండీ?"

ఆయన ఆ కట్టని మెల్లగా వెనక్కి తోశాడు.

"ఇవన్నీ దొంగ ధరలని రాసివ్వండి. మీ అక్కగారికి నలభై ఇవ్వమని నేనే పైకి రాస్తా. మీ లైసెన్సు, జైలు సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు." తెల్లకాగితం పరిచి నవ్వాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ముప్పై ఏళ్లుగా కాగితాలు నింపిన మనిషి ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేకపోయాడు. సిగ్గేసింది. సిగ్గుకన్నా భయం ఎక్కువేసింది. లేచి వరండాలోకి వచ్చాడు.

"ఎంతన్నార్రా?"

"ఎనిమిదక్కా. అక్కడ ధరంతే. కాగితాలన్నీ చూశాను."

"నలభై అనుకుంటున్నారే అందరూ?"

"జనం నోటికేం, ఎంతైనా అంటారు."

ఆమె కొంగు సర్దుకుని లేచింది. "సరేలే, నువ్వు చూశాక ఇంకేముంది" అంటూ తమ్ముడి వెనకే లోపలికెళ్లి, చూపించిన చోటల్లా వేలిముద్ర వేసింది.

"ఇంక ఎక్కడుంటారమ్మా?" అడిగాడు అధికారి.

"మా తమ్ముడు లేడూ!" అంది అక్క నవ్వుతూ.

తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు.

"మా ఇల్లు ఇరుకక్కా, నీకు తెలుసుగా" అన్నాడు.