మేడ ఎవరిదని అడిగారు

ప్రార్థన అయ్యాక చాపల మీద కారిన కొవ్వొత్తుల మైనం గీకడం ఫెబ్రోనియా పని. పాదిరిగారు దీవించి వెళ్తారు, మగవాళ్ళు కబుర్లాడుకుంటూ వెళ్తారు, మైనం మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. ఈజిప్టులో మిన్యా పట్నం దగ్గరి ఆ ఊళ్ళో క్రైస్తవులకు చర్చి లేదు. కట్టుకుందామంటే అనుమతి రాదు. అందుకే ఆమె మేడ గదిలో గంట లేకుండా, బయట సిలువ లేకుండా ప్రార్థన. అయినా పాట ఎవరి చెవినో పడి గొడవైంది. ఈరోజు కింద గదిలో ఊరి ముస్లిం పెద్దలతో రాజీ సభ. "మగాళ్ళ వ్యవహారం, నువ్వు లోపలికి రాకు," అన్నాడు భర్త వగ్దీ. టీ పళ్ళెం మాత్రం రావచ్చట.

గుమ్మం దగ్గర నిలబడి విన్నది.

"ముస్లింల ఊళ్ళో కొత్త చర్చి కూడదు. షరియత్ మాట," అన్నాడు ఇమాం షాబాన్.

"ఏ పండితుడి షరియత్తయ్యా? చర్చిలు కట్టడమంటే దేశాన్ని బాగుచెయ్యడమేనని మన ఈజిప్టు పండితుడే అన్నాడు. నీకు నచ్చిన పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తావేం?" అన్నాడు పాఠాలు చెప్పి రిటైరైన ముసలి షేక్ ముతవల్లీ.

మధ్యలో వగ్దీ లేచాడు. "గొడవెందుకు పెద్దలూ! మేడకు తాళం వేసేస్తా. మాటిస్తున్నా."

ఫెబ్రోనియా టీ పళ్ళెంతో గుమ్మం దాటింది. వారమంతా ఆ ఇంట్లో అత్తగారి గొంతే. తన గొంతు తనకు వినబడేది ఆ గదిలో పాడినప్పుడే. అదీ పోతే ఇంకేం మిగులుతుంది? మైనం కూడా మిగలదు.

పళ్ళెం ఠపీమని బల్ల మీద పెట్టింది. "మాటిచ్చే ముందు మేడ ఎవరిదో చెప్పు."

ముతవల్లీ కళ్ళు మెరిశాయి. "ఎవరిదయ్యా?"

నలుగురు మగాళ్ళలో పెళ్ళాం పేరు పలకడం ఆ ఊళ్ళో సిగ్గుచేటు. "పిల్లల తల్లిది," అని గొణిగాడు వగ్దీ.

"ఆవిడకు పేరు లేదా?"

"ఫె... ఫెబ్రోనియాది. వాళ్ళ నాన్న కట్టించి ఇచ్చాడు."

"షాబాన్! పెళ్ళాం ఆస్తి మొగుడిదని ఏ పండితుడైనా అన్నాడా?"

షాబాన్ గడ్డం నిమురుకున్నాడు. "లేదు. అందులో భేదాభిప్రాయం లేదు."

"అయితే ఈయన మాట చెల్లదు. నువ్వు చెప్పమ్మా ఫెబ్రోనియా, ఏమంటావు?"

"ఆదివారం ప్రార్థన ఉంటుంది. కిటికీలు మూస్తాం. నోళ్ళు మూయం."

"ఇంట్లో ప్రార్థనేగా, చర్చి కాదుగా. కిటికీలు గట్టిగా మూయండి తల్లీ," అని షాబాన్ టీ అందుకున్నాడు.

ఫెబ్రోనియాకు నవ్వాగలేదు. హక్కు గుర్తుచేసింది పక్క మతం చట్టం, తాళం తెచ్చింది సొంత మొగుడు!

అందరూ వెళ్ళాక వగ్దీ బుసకొట్టాడు. "పరువు తీశావు. ముందు నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

అతని జేబులోంచి మేడ తాళంచెవి తీసి తన జేబులో వేసుకుంది.

"నువ్వు నాతో అన్నావా?"