ఇట్లు లేని ఫ్లెక్సీ

మంగళగిరిలో ఏసీ గదులు అద్దెకు తీసుకుని, పల్లెటూరి పిల్లలకు పెట్టుబడుల విద్య నేర్పుతామని బోర్డులు కట్టిన పెద్దమనుషులూ, మిమ్మల్నే అడిగేది. ఆ పిల్లల్ని మీరు చేర్చుకున్నది వాళ్ల తెలివి చూసా, వాళ్ల ఊళ్లో పండే మిరప చూసా? తెలివి చూసే అంటారు. అనండి. జక్రయ్య కూతురు జెస్సీ కూడా అలాగే అనుకుంది, పొదిలి అవతల కొత్తపాలెం మలుపు దగ్గర బస్సు దిగేదాకా.

దిగి తలెత్తితే ఎదురుగా తన మొహమే. నిలువెత్తు ఫ్లెక్సీ. కోచింగ్ సెంటర్లో ప్రొఫైల్ కోసమని తీసిన ఫోటో అది. ఒంటిమీది నల్లకోటు ఆమెది కాదు. ఆఫీసులో ఉన్నది ఒక్కటే కోటు, పిల్లలంతా వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు తొడుక్కున్నారు. భుజాల దగ్గర దాని వదులు ఫ్లెక్సీలో కూడా తెలుస్తోంది. పైన 'మా ఊరి ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు' అని ఎర్రక్షరాలు. మధ్యలో ఆమె పేరు. పేరు వెనక మూడు ఇంగ్లీషు అక్షరాలు, పెట్టుబడుల నిపుణులకిచ్చే బిరుదు.

ఆ అక్షరాలు జెస్సీ దగ్గరికెళ్లి మళ్లీ చదివింది. అవి రావాలంటే మూడు లెవెళ్లు నెగ్గాలి, ఆపైన కొన్నేళ్లు ఆ రంగంలో పని చెయ్యాలి. ఆమె మొదటి లెవెలే ఇంకా రాయలేదు. పరీక్ష మేలో ఉంది. రెండేళ్లుగా పగలు ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తూ, మిగిలిన వేళంతా చదువుతున్నది దానికోసమే. ఆ చదువులో అన్నిటికన్నా గట్టిగా చెప్పేది నీతి నియమాల పాఠం. రాని అక్షరాలు పేరుకు తగిలించుకుంటే విచారణ పెడతారు, పరీక్షకే దూరం చెయ్యొచ్చు. జెస్సీకి ఆ పాఠం కంఠతా వచ్చు. ఇప్పుడు ఆ తప్పు ఆమె మొహం కిందే, రోడ్డు మీద, బస్సులో పోయేవాళ్లంతా చదివేట్టు వేలాడుతోంది.

ఎవరు కట్టారు?

కింద చూసింది. మన వైపు ఫ్లెక్సీ అంటే సగం పైన ఉన్నవాళ్లది, సగం కింద ఉన్నవాళ్లది. పుట్టినరోజుకైనా, పెళ్లికైనా, దినానికైనా కింద 'ఇట్లు' అని రాసి, కట్టించినవాళ్లు తమ మొహాలు బఠాణీ గింజల్లా వరసగా పేర్పించుకోకుండా ఎవడూ ఫ్లెక్సీ కట్టడు. ఆ వరసలో ఒక మొహం తప్పిపోతే అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. ఈ ఫ్లెక్సీకి ఇట్లు లేదు. ఒక్క మొహం లేదు. కిందంతా ఖాళీ నీలం.

ఊళ్లోకి నడుస్తుంటే జెస్సీకి ప్రతి నవ్వూ అనుమానంగానే కనిపించింది.

జక్రయ్య కల్లంలో ఉన్నాడు. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య, నోటికి తువాలు కట్టుకుని తాలుకాయ ఏరుతున్నాడు. తెల్లబడిన ఆ కాయ నాలుగు కలిసినా చాలు, మిర్చి యార్డులో మొత్తానికి ధర కోసేస్తారు.

"ఫ్లెక్సీ ఎవరు కట్టించారు నాన్నా?"

"నువ్వు కాదా?"

"నేనెందుకు కట్టించుకుంటా?"

"అయితే చర్చి సంఘం వాళ్లయ్యుంటారు. నేనైతే కింద నా ఫోటో వేయించుకోనా? పోయిన క్రిస్మస్ ఫ్లెక్సీలో నన్ను చివర్లో పెట్టారని ఎంత గొడవ చేశానో మర్చిపోయావా?"

చర్చి పాస్టరు ఫిలిప్ అయ్యగారిని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు.

"మీ నాన్న కట్టించాడనుకున్నామమ్మా. మొహమాటపడి తన ఫోటో వేయించుకోలేదేమో అని."

"మా నాన్నకి మొహమాటమా అయ్యగారూ?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అవును సుమా" అన్నాడు. అని, గొంతు తగ్గించాడు. "ఎవరో వ్యానులో వచ్చి కట్టిపోయారంట. మన ఊరివాళ్లు కాదంట."

జెస్సీ మళ్లీ కల్లానికొచ్చేసరికి దేవకుమారి పెద్దమ్మ వచ్చి తాలు ఏరుతోంది. జెస్సీ తల్లి పోయాక ఆ పిల్లకు అన్నం పెట్టి, జడ వేసి పెంచింది ఆమే. భర్త లేడు. కౌలుకు చేసిన చేనే ఆమె బతుకు. ఈ ఏడు పండిన కాయంతా టిక్కీలకెత్తి, అంటే గోతాలకెత్తి, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దానికి రసీదుగా బాండు తెచ్చుకుంది. ధర వచ్చినప్పుడు అమ్ముకుందామని.

"ఏమే, కోటేసుకుంటే ఎంత ముచ్చటగా ఉన్నావే! ఆదివారం మీ సారు వస్తాడంట గదా. బాండు అప్పజెప్పేస్తా. నువ్వు చెప్పాక ఇంకేంది ఆలోచించేది?"

"నేనేం చెప్పా పెద్దమ్మా?"

"అదేందే, మిర్చి నిధి. నీ ప్లానే గదా?"

పెద్దమ్మ ఒక రంగుల కాగితం తీసి చూపించింది. 'మిర్చి నిధి. మీ ఊరి నిపుణురాలు తయారుచేసిన పథకం.' కోల్డ్ స్టోరేజీ ఇచ్చిన బాండు మీద సంతకం పెట్టి ఇస్తే చాలట, సరుకును వాళ్లే మంచి ధరకు తిప్పి లాభం పంచుతారట. కింద పైకి లేచే గీత ఒకటి గీసుంది. ఆ గీత జెస్సీది. కోచింగ్ సెంటరు నడిపే శ్రీరామ్ సారు ప్రాజెక్టని రాయించినప్పుడు గీసింది. ధర పెరిగితే ఏమవుతుంది, పడిపోతే ఏమవుతుంది అని రెండు గీతలు గీసింది ఆమె. కిందికి దిగే గీతను కోసేశారు.

బాండు మీద సంతకం పెట్టి చేతికిచ్చాక సరుకు మనదని ఎట్టా చెప్పుకుంటాం? ఏడాది పొడవునా పురుగుతో, తెగులుతో, నీళ్లతో కొట్లాడి పండించిన కాయ ఒక్క సంతకంతో పరాయిదైపోతుంది.

"ఎవరన్నా ఇచ్చారా ఇప్పటికే?"

"అంకయ్య మామ పోయినవారమే ఇచ్చాడు. ముందిచ్చినవాళ్లకి ఎక్కువ లాభమంట గదా."

జెస్సీ కల్లం చివరికి పోయి హాస్టల్లో తన గదిలో ఉండే నజ్మీన్‌కు ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది చిలకలూరిపేట దగ్గర పల్లె. ఇద్దరిదీ ఒకే సెంటర్.

"కోటు ఫోటో నువ్వెవరికైనా పంపావా?"

"ఏంటే ఆ అడగటం? నన్ను అనుమానిస్తున్నావా?"

"ఇప్పుడు మా నాన్నని కూడా అనుమానిస్తున్నా. చెప్పు."

"నేనెవరికీ పంపలేదు. ఆగు, నీక్కూడా కట్టారా?"

"నీక్కూడా అంటే?"

నజ్మీన్ ఫోటో పంపింది. వాళ్ల ఊరి నాలుగురోడ్ల కూడలి. అదే కోటు, లోపల నజ్మీన్. అవే మూడక్షరాలు. కింద అదే ఖాళీ నీలం.

"మా మామయ్యలు కట్టించారనుకుని సంబరపడ్డానే" అంది నజ్మీన్.

అప్పుడు గుర్తొచ్చింది జెస్సీకి, సెంటర్లో చేరిన రోజు. డిగ్రీ మార్కుల కాగితాలు బల్లమీద పెడితే శ్రీరామ్ సారు వాటి వైపు చూడను కూడా లేదు. "మీదే ఊరమ్మా? మిరప బాగా వేస్తారా? చర్చికి ఎంతమంది వస్తారు?" అని అడిగాడు. ఫీజులో రాయితీ ఇచ్చాడు. పల్లె అంటే ఎంత ప్రేమ ఈయనకు అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది ఆరోజు. ఆయన అడిగింది చదువు గురించి కాదు. సరుకు ఎక్కడ ఎంతుందో వాకబు చేశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక శ్రీరామ్ సారు తెల్లకారులో దిగాడు. మెత్తని మనిషి, మెత్తని మాట. అందరికీ చేతులు జోడించాడు, ముసలివాళ్లకు వంగి మరీ. జెస్సీని చూడగానే నవ్వు ఇంకా పెద్దదయింది. రా అమ్మా అంటూ చర్చి పక్క గోడ చాటుకు నడిచాడు.

"ఆ ఫ్లెక్సీ మీరే కట్టించారా సార్?"

"పబ్లిసిటీ అమ్మా. నీకే మంచిది."

"నాకు ఆ అక్షరాలు రాలేదు. మిర్చి నిధి నాది కాదు. వాళ్లకు చెప్పేస్తా."

ఆయన నవ్వు తగ్గలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"చెప్పు. కానీ ఆ అక్షరాలు ఎవరి పేరు వెనక ఉన్నాయమ్మా? నీ పేరు వెనకా, నా పేరు వెనకా? పరీక్ష పెట్టేవాళ్లకు ఎవరైనా ఆ ఫోటో పంపితే పోయేది ఎవరి పరీక్ష? నీ గీత, నీ మొహం, నీ పేరు. నేను ఎక్కడున్నాను అందులో? బాగా చదువుకుంటున్న పిల్లవి. మేదాకా నోరు మూసుకో. పైకొస్తావు."

నిజమే చెప్పాడు ఆ దొంగ. ఎక్కడా లేడు. ఉండకూడదనే ఇట్లు తీసేశాడు. నోరు మూసుకుంటే పరీక్ష ఉంటుంది, పెద్దమ్మ కాయ పోతుంది. నోరు తెరిస్తే కాయ దక్కుతుందేమో, రెండేళ్ల చదువు పోతుంది. ఆ గోడ దగ్గర నిలబడినంతసేపూ ఆమె ఆలోచించింది ఇదొక్కటే. లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి అయ్యగారూ, నాకు అక్షరాలు ఆనవు."

జెస్సీ గబగబా లోపలికొచ్చింది.

"పెద్దమ్మా, పెట్టొద్దు. ఎవరూ పెట్టొద్దు. నేనింకా పరీక్షే రాయలేదు."

జక్రయ్య లేచి నిలబడ్డాడు.

"రాశానని చెప్పావు గదే నాతో?"

"రాయబోతున్నా అని చెప్పా నాన్నా. రాశా అని విన్నావు నువ్వు. రాశా అని ఊరంతా చెప్పుకున్నావు."

శ్రీరామ్ సారు గుమ్మంలోకొచ్చి చేతులు జోడించాడు. "పరీక్షల ఒత్తిడండీ. పిల్లలు అలాగే మాట్లాడతారు. అమ్మాయి చాలా తెలివైనది, మీకు తెలియనిదేముంది?"

అనుమానం గిర్రున తిరిగి జెస్సీ మీదే పడింది. "వాటా కుదరలేదేమో" అన్నాడు వెనకనుంచి ఒకడు. "నిన్నటిదాకా ముద్దుబిడ్డ, ఇవాళ అడ్డం తిరిగింది" అన్నాడు ఇంకొకడు. అంకయ్య మామ మరీ మండిపడ్డాడు, ఇచ్చేసినవాడు కదా. "ఒసే, నాకు లాభం వస్తుంటే నీకేందే కడుపుమంట?"

లెక్కలు చెప్పడానికి నోరు తెరిచింది జెస్సీ. మూసేసింది. లెక్కలు చెప్తే సారు ఇంకా బాగా చెప్తాడు. కోటేసుకున్నవాడు, ఇంగ్లీషొచ్చినవాడు. ఆయన నేర్పిన భాషలో ఆయన్ని కొట్టడం తన వల్ల కాదు.

బయటికి పరిగెత్తింది. మలుపు దాకా పోయి, రాటకు కట్టిన తాళ్లు పళ్లతో కొరికి ఫ్లెక్సీ దించింది. ఈడ్చుకొచ్చి చర్చి వాకిట్లో పరిచింది. ఆమె మొహం మట్టిలో పడుకుని ఆకాశంలోకి నవ్వుతోంది. టిక్కీల మీద గుర్తులు వేసే రంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చి పక్కన పెట్టింది.

"మామా, దీని కింద ఏముంది చూడు."

అంకయ్య వంగి చూశాడు. "ఏముంది? ఏం లేదు."

"మన ఊళ్లో ఇట్లు లేని ఫ్లెక్సీ ఎప్పుడైనా చూశావా?"

అంకయ్య మళ్లీ చూశాడు. అందరూ దగ్గరికొచ్చారు. అంతకుముందు ఆ దారినే అందరూ నడిచారు, అందరూ చదివారు, ఎవరికివాళ్లు పక్కవాడు కట్టించాడనుకున్నారు.

"సార్, దీన్ని కట్టించింది మీరే గదా. మంచి పనే గదా చేసింది. ఇట్లు అని రాసి మీ పేరు పెట్టండి. ఇదిగో కుంచె."

"ఇదేంటమ్మా, చిన్నపిల్లల ఆట..."

"మేం బాండ్ల మీద పెడతాం, మీరు ఫ్లెక్సీ మీద పెట్టండి" అంది దేవకుమారి పెద్దమ్మ. ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. "మీ పేరు రాయండయ్యా. ఎంతసేపు?"

శ్రీరామ్ సారు కుంచె వైపు చూశాడు. చెయ్యి చాపలేదు. కారు తాళాలు జేబులో వెతుక్కున్నాడు. "ఇంకో మీటింగుంది, ఆలస్యమైంది" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఊరికి అర్థమైపోయింది. పెళ్లిలో ఫోటోకు పిలిస్తే తప్పుకునేవాడు, ఫ్లెక్సీలో మొహం వద్దనేవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడు? పెద్దమ్మ బాండు మడిచి రొంటిన దోపుకుంది. జక్రయ్య పోయి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"నా బాండు ఏది?" అన్నాడు అంకయ్య, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ.

"ఆఫీసులో ఉందండి, మంగళగిరిలో, భద్రంగా..."

జెస్సీ ఫోను తీసి మట్టిలోని ఫ్లెక్సీని ఫోటో తీసింది. మూడక్షరాలు స్పష్టంగా పడ్డాయో లేదో చూసుకుంది. "మీరు పంపక్కర్లేదు సార్. పరీక్ష పెట్టేవాళ్లకు నేనే పంపుతున్నా, జరిగిందంతా రాసి. కూర్చోనిస్తారో, తీసేస్తారో వాళ్లిష్టం." అక్కడే నిలబడి నాలుగు ముక్కలు రాసి పంపింది. పంపాక ఏడుపొచ్చింది. అది మింగింది. ఏడవడానికి ఇది వేళ కాదు.

"మామా, ఏడుపు తర్వాత, ఫోను తియ్యి. కోల్డ్ స్టోరేజీకి చెయ్యి. నా బాండు ఎవడు పట్టుకొచ్చినా ఒక్క టిక్కీ కదలనివ్వొద్దని ఇప్పుడే చెప్పు, పేరు చెప్పి మరీ చెప్పు. నాన్నా, నువ్వు ట్రాక్టరు తియ్యి, పొదిలి స్టేషన్‌కు పోదాం, ఈ ఫ్లెక్సీ కూడా ఎక్కించు. అయ్యగారూ, మీకు తెలిసిన చర్చిలన్నిటికీ ఫోన్లు చెయ్యండి. నజ్మీన్ వాళ్ల ఊళ్లో మసీదు పెద్దల్ని లేపుతుంది. ఏ మలుపులోనైనా ఇట్లు లేని ఫ్లెక్సీ ఉంటే ఇవాళే దించమనండి, దానికింద ఎవడైనా బాండు అడిగితే కూర్చోబెట్టమనండి. సార్, మీరు కారెక్కొద్దు. ముందు మంగళగిరికి ఫోన్ చెయ్యండి, తీసుకున్న ప్రతి బాండూ ఈ వాకిట్లోకి తెప్పించండి. ఆ తర్వాత ఈ కుంచె పట్టుకుని, అందరూ చూస్తుండగా, ఇట్లు అని రాసి మీ పేరు పెట్టండి."