ఒకసారి కీ ఇస్తే ఎంత దూరం

నేను ఒక మెట్రోనోమ్‌ను. చెక్క ఒళ్లు, ఇత్తడి పుల్ల, పక్కన కీ. కీ తిప్పితే పుల్ల అటూ ఇటూ ఊగుతుంది, నేను టిక్కుటిక్కుమంటాను. సంగీతం నేర్చుకునేవాళ్లు నాతో సమంగా వాయించాలి. వాయించరు. పైగా నేనే తప్పుతున్నానంటారు.

పుట్టింది జర్మనీలో. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఒక బ్యాండు మాస్టరు దగ్గర పనిచేశాను. ఆయన కోపమొస్తే బల్ల మీద గుద్దేవాడు, కోపంలోనూ లయ తప్పేవాడు కాదు. ఆయన పోయాక శిష్యురాలు లిలియన్ టీచర్ చేతికి వచ్చాను. ఆవిడ నన్ను కెజియాకు ఇచ్చింది.

కెజియా ఇంటర్ పిల్ల. పొద్దున కాలేజీ, సాయంత్రం కోచింగు, మధ్యలో ఎక్కడో పియానో. తండ్రి ప్రసన్నకుమార్ రైల్వేలో టైంటేబుళ్లు చూసే మనిషి.

"పియానో గ్రేడు పరీక్ష పాసైతే నేర్చుకో. లేకుంటే ఎంట్రెన్సు అయ్యేదాంక పియానో మూత తియ్యొద్దు బిడ్డా" అన్నాడు. ఆ ఇంట్లో మూత ఒకసారి పడితే మళ్లీ లేవదని కెజియాకు తెలుసు. పిల్ల బెదిరిపోయింది.

సాధనకు వేళ కూడా ఆయనే పెట్టాడు. నాకు నిండా కీ ఇవ్వాలి, నేను ఆగిపోగానే లేచి కెమిస్ట్రీ తెరవాలి. అలా నేను సంగీతం వదిలి కాపలా ఉద్యోగంలో చేరాను.

కెజియాకు ఒక అలవాటుంది. తప్పు పడితే మళ్లీ మొదటికి పోతుంది. దాంతో మొదటి పేజీ మెరిసిపోయింది. రెండో పేజీ సగానికి వచ్చేసరికి నా ఓపిక అయిపోయేది. మూడో పేజీని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ప్రసన్నకుమార్ గడ్డం గీసుకుంటూ ఆ పాటను ఈల వేసేవాడు. ఈల కూడా అక్కడే ఆగేది.

పరీక్ష దగ్గరపడ్డాక లిలియన్ టీచర్ పాటంతా వాయించమంది. మూడో పేజీలో కెజియా ఏడ్చేసింది. టీచర్ ఓదార్చలేదు.

"రోజూ గడపనే కడుగుతున్నవ్. ఇంట్లకెప్పుడు పోతవ్? రేపట్నుంచి ఆఖరి లైనుతోని మొదలుపెట్టు. అదొచ్చినంక దాని ముందుది."

మర్నాడు పాట తోక నుంచి మొదలైంది. తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వస్తున్న ప్రసన్నకుమార్ ఆగిపోయాడు.

"కొత్త పాటనా బిడ్డా?"

"అదే పాట డాడీ. చివర ఇట్లుంటది."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి నేను ఆగిపోయాను. కెజియా బుద్ధిగా లేవబోయింది. ఆయన వచ్చి, తన చేత్తోనే నాకు మళ్లీ కీ ఇచ్చాడు. మర్నాడూ అంతే.

పరీక్ష గదిలోకి నన్ను రానివ్వలేదు. బయట బెంచీ మీద ఆయన ఒళ్లో కూర్చున్నాను. కెజియా మొదటి పేజీలోనే తడబడింది. ఆయన నన్ను గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల వెనక్కి పోలేదు. అలాగే ముందుకు సాగి చివరిదాకా వాయించింది. పాసైంది, మార్కులు మాత్రం గొప్పవి కావు.

రైల్వే మనిషి చేతి బలం ఎక్కువ. ఇంకా వినాలన్న ఆశ కొద్దీ ఆయన తిప్పీ తిప్పీ, ఒకరోజు నా స్ప్రింగు తెంపేశాడు. ఇప్పుడు పియానో మీద ఊరికే నిలబడి ఉంటున్నాను. నేను ఆగిపోయి చాలా కాలమైంది. కెజియా ఇంకా వాయిస్తూనే ఉంది, లెమ్మని ఆ ఇంట్లో ఎవరూ అనడం లేదు.