లోహిత చరణం

పూతలపట్టులో మా వీధి చివరే చర్చి. మాది గోవిందా అనే ఇల్లే అయినా, పాట వినబడితే నా కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు.

"ఏడుకొండలోడిని పెట్టుకోని నీకు ఆ పాటలేందే?" అని అమ్మ గొణిగేది. హార్మోనియం వాయించే ధనశేఖర్ సారు మాత్రం నా గొంతు చూశాడే గానీ బొట్టు చూడలేదు. తీసుకెళ్లి పాడే పిల్లల్లో లోహిత పక్కన నిలబెట్టాడు.

లోహితది గొంతు. మిగతా వాళ్లందరిదీ అరుపు. పూజలో సత్ప్రసాదం పంచేటప్పుడు పాడే పాటలో మూడో చరణం సారు దానొక్కదానికే ఇచ్చాడు. కుళ్లుకుందామని నిలబడేదాన్ని, అది మొదలుపెట్టగానే ఆ సంగతే మర్చిపోయేదాన్ని.

మేం ఆరో తరగతిలో ఉండగా డెంగీ వచ్చి లోహిత చనిపోయింది. తర్వాతి ఆదివారం మూడో చరణం దగ్గర సారు చెయ్యెత్తి మమ్మల్ని ఆపేశాడు. హార్మోనియం ఒక్కటే మోగింది. ముందు వరసలో లోహిత వాళ్లమ్మ వరదమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆమె మీద దయతోనే సారు అలా చేశాడనుకున్నాం. అప్పటినుంచి అదే ఆనవాయితీ అయిపోయింది. ఆ ఖాళీలో నాకు లోహిత పాడుతున్నట్టే వినిపించేది. భయం వేసేది. ఏ వారమైనా వినిపించకపోతే అంతకన్నా భయం వేసేది.

ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. అయినా వీలైనప్పుడల్లా ఆదివారం పొద్దున్నే బస్సెక్కుతాను, ఆ ఖాళీ కోసమే. సారు పోయి చాలా కాలమైంది. కొత్త పిల్లలు కూడా అక్కడికి రాగానే నోరు మూస్తారు. ఎందుకని ఒక పిల్లను అడిగితే, "అది అక్క చరణం. మేం పాడకూడదు" అంది. ఏ అక్కో దానికి తెలియదు.

పోయిన ఆదివారం పూజకు ముందు వరదమ్మ నా చెయ్యి పట్టుకుంది. బాగా వంగిపోయింది మనిషి.

"పాపా, ఆ చరణం ఈపొద్దు నువ్వు పాడు."

"అది లోహితది కదత్తా."

"మీరు నోరు మూసినప్పుడంతా అది పాడతానే ఉండాది. నాకు ఇనబడతాది. ఇన్నేండ్లు పాడితే బిడ్డకి గొంతు నొయ్యదా? ఇంక పండుకోనీండి."

మేం దయ అనుకున్నదాన్ని ఈ తల్లి వారం వారం ఎలా మోసిందో. అయినా కాదనాలనే ఉంది నాకు. లోహిత నాకు మిగిలింది అక్కడొక్కచోటే. కన్నతల్లి అడుగుతుంటే ఏ ముఖం పెట్టుకుని కాదంటాను?

పాడాను. వరదమ్మ తలెత్తి చివరిదాకా విని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తిరుగు బస్సులో కళ్లు మూసుకుని ఆ చరణాన్ని లోహిత గొంతులో వినాలని చూశాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా నా గొంతే వినిపించింది.