ఎవరి ఇంటి ముందూ లేని పూలతోట

"గైడ్లు మూయండర్రా! పక్కవాళ్లకి నోటితో చెప్పండి. చెప్పిందే రాయండి."

అరిచి అరిచి మాస్టారి గొంతు గీరుకుపోయింది. మోచేతుల దాకా సుద్దపొడి. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు నోటిమాట మాస్టారు.

వ్యాసం 'మా ఇల్లు'. అందరి ఇళ్ల ముందూ పూలతోటే! రేకుల కింద ఉడికిపోయే పిల్లలకి పూలతోట ఎక్కడిది? గైడులోది. ఆ అబద్ధానికి ఏళ్ల తరబడి మార్కులు పోసి పెంచింది ఈయనే. విసుగెత్తి ఈ ఏడే ఈ పద్ధతి పట్టాడు. తనేమో సెలవు చీటీ తప్ప సొంతంగా ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

ఇస్త్రీ అతని కూతురి కాగితం చూసి లేచి నిలబడ్డాడు. ఆగలేక పైకి చదివేశాడు.

"మా ఇల్లు ఒకటే గది. నాన్న తాగొచ్చి గుమ్మంలో పడిపోతే దాటుకుని నీళ్లకి పోతాం. దాటేటప్పుడు ఊపిరి ఆడుతుందో లేదో చూడమంటుంది అమ్మ."

"రాతంటే ఇదీ!" అన్నాడు, కళ్లు చెమర్చి.

"ఇవాళ చూశావా, ఆడుతోందా?" వెనక బెంచీ నుంచి ఎవడో. తరగతి గొల్లుమంది.

ఆ పిల్ల తలెత్తలేదు. "పక్కదానికి ఒక్కదానికే చెప్పాను, మాస్టారూ."

ఆయన గబగబా కాగితం మడిచేశాడు. వినడం నేర్పకుండా చెప్పడం నేర్పిన మొనగాడు!

మధ్యాహ్నానికి మాట వీధంతా పాకింది. ఇస్త్రీ అతను వచ్చాడు. తాగలేదు. మడత నలగని చొక్కా తొడుక్కొచ్చాడు.

"చదువు చెప్పమంటే నా పరువు బజారున పెడతారా, సారూ? ఇక దీన్ని పంపను."

"తప్పు నాది. దాని చదువు ఆపకు, నీకు దణ్ణం పెడతాను."

"చదివింది చాల్లెండి. ఇంట్లో బట్టలు మడతపెడుతుంది."

గొడవ విని వచ్చిన పెద్దమాస్టారు విసుక్కున్నాడు. "గైడు ఉన్నది ఇందుకేనయ్యా! ఎవరి గుట్టూ బయటపడదు."

తండ్రి చెయ్యి పట్టి లాగుతుంటే ఆ పిల్ల వెనక్కి తిరిగింది. "మళ్లీ రాస్తాను, మాస్టారూ. పూలతోట పెడతాను."

వాళ్లు గేటు దాటారు.

తరగతిలో పిల్లలు చడీచప్పుడు లేకుండా గైడ్లు తెరిచారు. ఆయన వద్దనలేదు. ఆ పిల్ల ఖాళీ చేసిన చోట, బెంచీ కింద, మూత పోకుండా దారం కట్టుకున్న నీళ్ల సీసా ఒకటి సగం నీళ్లతో నిలబడి ఉంది.