హెల్మెట్ వెనక మాట

నారింజ రంగు స్పాంజి బిరడాను ఆవిడ రెండు వేళ్ల మధ్య పెట్టి దారం పేనినట్టు పేనుతోంది. ఆయన క్షవరానికి కూర్చున్నవాడిలా మెడ వాల్చి బుద్ధిగా కూర్చున్నాడు. బిరడా సన్నబడగానే ఒక చేత్తో కుడిచెవి పట్టి పైకి లాగి, రెండో చేత్తో దాన్ని లోపలికి దూర్చింది. అది ఉబ్బి బిగుసుకునేదాకా వేలు అదిమిపెట్టి ఉంచింది.

"ఎడమది నేను పెట్టుకుంటాలే," అన్నాడాయన.

ఆవిడ అనుమానంగా చూసింది. పదకొండేళ్లలో ఎన్నడూ ఆ మాట అనని మనిషి మరి.

ఆయన పదకొండేళ్లుగా మోటారు సైకిలు మీద రక్తం సీసాలు మోసే మనిషి. ఊళ్లోని చిన్నచిన్న క్లినిక్కులు తిరిగి, జనం పరీక్షలకి ఇచ్చిన రక్తాన్ని ఐసు పెట్టెలో సర్దుకుని పెద్ద ల్యాబుకి చేరుస్తాడు. అంతకుముందు ఇరవై రెండేళ్లు మరమగ్గాల షెడ్డులో ఉన్నాడు. ఆ మోత ఆయన చెవుల్ని సగానికి పైగా తినేసింది. ఆ తర్వాత మిల్లే మూతబడింది. "పోయింది ఎలాగూ పోయింది, ఉన్నదాన్నయినా కాపాడుకోండి. బండి మీద గాలి హోరు మగ్గం మోతకేమీ తీసిపోదు," అని చెవుల డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. పోనీ చెవి మిషన్లు పెట్టుకుని హెల్మెట్ తగిలిద్దామంటే అవి కుయ్యిమని ఈలేస్తాయి. కాబట్టి బండెక్కే ముందు మిషన్లు తీసి దగ్గుబిళ్లల డబ్బాలో పెట్టాలి, బిరడాలు దూర్చాలి. దిగాక బిరడాలు తీసి మళ్లీ మిషన్లు తగిలించుకోవాలి. రోజుకి పధ్నాలుగు క్లినిక్కులాయె! ఆయన బతుకంతా చెవులు మూసుకోవడం, తెరుచుకోవడం.

పొద్దున్న తొలిసారి మాత్రం ఆవిడే పెట్టాలి. అది ఆవిడ హక్కు. బిరడాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో తేల్చే పరీక్ష కూడా ఆవిడదే. ఆయన హెల్మెట్ పెట్టుకుని బండి మీద కూర్చుంటే, వెనక నిలబడి ఏదో ఒకటి అంటుంది. ఆయన తిరిగి చూశాడా, తప్పాడన్నమాట. బిరడాలు మళ్లీ మొదటి నుంచీ పెట్టాలి. తిరగకపోతే హెల్మెట్ మీద రెండు దెబ్బలు కొడుతుంది. ఇక వెళ్లొచ్చని అర్థం.

"పొద్దున ఏమన్నావే?" అని సాయంత్రాలు అడిగేవాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదాను. దానికి అర్థం కూడా చెప్పాలా?" అని నవ్వేసేది.

ఒకప్పుడు రెండు మాటలతో సరిపెట్టేది. మూడు నెలలుగా ఆ శంఖం పొడుగైంది. బండి అద్దంలో చూస్తే ఆవిడ పెదవులు కదులుతూనే ఉంటున్నాయి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా ఎరుగును. అలాంటి మనిషి దగ్గర తనకి తెలియని మాట ఒకటుందంటే ఆయనకి ముచ్చటగానూ ఉంది, ఉక్రోషంగానూ ఉంది. ఇవాళ ఎలాగైనా వినాలని పంతం పట్టాడు. ఎడమచెవి మిషన్ తీయకుండా, దాని మీదే హెల్మెట్ దించేశాడు.

కుయ్యిమంది.

ఆ ఈల ఆయనకంటే ముందు ఆవిడకే వినిపించింది. హెల్మెట్ మీద ఒక్కటి అంటించి, "ఓరి దొంగ మొహమా! తియ్యి, తియ్యి!" అంది. హెల్మెట్ ఊడదీసి, మిషన్ లాగి డబ్బాలో పడేసి, బిరడా తనే దూర్చింది. ఆవిడ వేళ్లు చల్లగా, చెమటగా ఉన్నాయి. ఆయన పట్టుబడిన సిగ్గుతో నవ్వుతూ మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు.

అప్పుడు ఆవిడ వెనక నిలబడి తన మాట తను చెప్పుకుంది. దుమ్ము పట్టిన అద్దంలో పెదవులు ఆనలేదు గానీ, ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకోవడం కనిపించింది. నాటకాలాడుతోంది అనుకున్నాడు. రెండు దెబ్బలు పడ్డాయి. రెండోది కాస్త ఆలస్యంగా పడింది.

మధ్యాహ్నం రెండున్నరకి, పధ్నాలుగో క్లినిక్కు కూడా ముగించుకుని ల్యాబు ముందు బండి ఆపాడు. జేబులో ఫోను ఎన్నిసార్లు వణికిందో, బండి వణుకులో ఆయనకేం తెలుస్తుంది? కౌంటరు అమ్మాయి ఎన్నడూ లేనిది మెట్లు దిగి ఎదురొచ్చి, ఆయన చేతిలోంచి ఐసు పెట్టె లాక్కున్నంత పని చేసింది. ఏదో చెబుతోంది.

"ఆగమ్మా, ఒక్క నిమిషం," అన్నాడు.

హెల్మెట్ తీసి హ్యాండిలుకి తగిలించాడు. కుడి బిరడా తీశాడు, ఎడమది తీశాడు. డబ్బా తెరిచి ఒక మిషన్ చెవి వెనక సర్దుకుని, రెండోది అందుకున్నాడు. ఆ పిల్ల పెట్టెని రెండు చేతులా పట్టుకుని ఆగింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఆఁ, ఇప్పుడు చెప్పమ్మా."

"మీ పక్కింటి టైలరమ్మ ఇక్కడికి ఫోను చేసింది బాబాయ్. పిన్ని... వంటింట్లో పడిపోయిందట. ఆసుపత్రికి చేరేసరికే..."

తిరుగు దారిలో ఆయన బిరడాలు పెట్టుకోలేదు, మిషన్లు తీయలేదు. హెల్మెట్ లోపల రెండు చెవుల్లోనూ ఈలే. పైన గాలి హోరు. వెనక నుంచి నెత్తి మీద ఒక్కటి అంటించి ఆపేవాళ్లెవరూ లేరు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ముందుగదిలో పడుకోబెట్టారు. టైలరమ్మ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ఆమె కుట్టుమిషన్ ఉండేది ఆయన బండి పెట్టే వాకిటికి ఆనుకున్న కిటికీ దగ్గరే.

"అంత నొప్పి పెట్టుకుని ఎందుకు ఊరుకున్నారన్నయ్యా? డాక్టరుకి చూపించాల్సింది," అంది.

"నొప్పేమిటి?"

టైలరమ్మ ఏడుపు ఆగిపోయింది.

"రోజూ చెబుతూనే ఉండేదిగా మీతో! బండి దగ్గర నిలబడి. గుండెల్లో పట్టేస్తోందయ్యా, రాత్రి కూడా వచ్చింది, భయమేస్తోందయ్యా అని. మా కిటికీలోకి వినిపించేది. అన్నయ్యకి చెప్పావా వదినా అని అడిగితే, రోజూ చెబుతూనే ఉన్నాగా, నువ్వు వింటున్నావుగా అని నవ్వేది."

"రోజూనా?"

"రోజూ అన్నయ్యా."

ఆయనకి ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. రోజుకి పధ్నాలుగు క్లినిక్కుల గడపలు తొక్కే మనిషి. ఎవరెవరి రక్తమో పెట్టెలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషినీ ఏ గడపకీ తీసుకెళ్లలేదు. చెప్పలేదు గనక తెలియలేదు అనుకోవడానికి కూడా లేదు, చెప్పింది. తను వినడని రూఢి చేసుకుని మరీ చెప్పింది. భయాన్ని ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేక, చెబితే ఈయన బెంబేలెత్తిపోతాడని ఎరిగి, ఆ రెంటికీ మధ్య అంగుళం మందం హెల్మెట్ ఒకటి చూసుకుంది పిచ్చిది.

ఆవిడ పక్కన కూర్చుని ఒంగి, మిషన్ పెట్టుకున్న చెవిని ఆవిడ నోటి దగ్గర ఉంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఎవరూ వారించలేదు.

బిరడాలు రెండు జతలు. ఒకటి ఆయన చెవుల్లో ఉంటే, రెండోదాన్ని ఆవిడ పనులన్నీ అయ్యాక సబ్బునీళ్లలో కడిగి, మర్నాటికని వంటింటి కిటికీలో ఆరబెట్టేది. సాయంత్రం మొహం కడుక్కోవడానికి లేచినప్పుడు ఆయన వాటిని చూశాడు. కాగితం ముక్క మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. పట్టుకు చూస్తే ఇంకా తడిగానే ఉన్నాయి.